ఆకు వెనుక

కల్వకుర్తి బస్టాండు వెనుక నా పురుగుమందుల దుకాణం.
పదకొండేండ్ల సంది అందరికి 'డాక్టర్ సాబ్‌'ని.
చదివింది ఇంటర్, అండ్ల బాటనీ తప్పిన.

రైతులు తువ్వాల చివర పత్తాకు ముడేసుకొని వస్తరు.
వెలుతురుకు ఎత్తి పట్టుకుంట,
కండ్లద్దాలు ముక్కు మీదికి దించుత,
డబ్బా మీది పేరొకటి గొంతులకెల్లి మెల్లగ తీస్త.
పేరెంత పొడుగుంటే అంత నమ్మకం.

అద్దాలకు పవరు లేదు.
ఈ ముచ్చట నా భార్యకు గూడ చెప్పలే.

మొన్న ముసురు పట్టిన నాడు
వెల్దండ దిక్కుకెల్లి ఈదమ్మ వచ్చింది.
ఆకు అంచులు ఎర్రగున్నయి.
"పచ్చదోమ" అన్న,
అప్పటికే చెయ్యి అర మీదికి పోయింది.

ఆమె ఆకు మర్లేసింది.
ఈనె పొంటి గోటితోటి గీకి, వేలు చూసుకుంది.
"దోమ లేదు సారూ.
నీళ్లాగిన మూలకే ఎర్రగయింది, మిట్టకు మంచిగనే ఉంది."
"మరి ఏందంటవ్?"
"తెల్వది. ఇంకో నాలుగు దినాలు చూడాలె."

అంత అల్కగ అన్నది,
ఖాళీ సంచి దులిపినట్టు.
ఆకు బల్ల మీద ఇడిచిపెట్టి
వానల పడి పోయింది.

షట్టరు దించినంక
ఒక్కన్నే కూసొని ఆ మాట అని చూసిన.
తెల్వది.
ఎవ్వరు లేకున్నా సిగ్గయింది.

పొద్దుగాల మొదటి గిరాకి
ఆకు నా చేతిల పెట్టి నా మొకం చూస్తున్నడు.
మర్లేసిన.
ఏం చూడాల్నో తెల్వక
చానసేపు చూసిన.

"ఎంత మనసు పెట్టి చూస్తుండో చూడు"
అన్నడు పక్కాయినతోటి.