తప్పు అర

వాల్పరైసోలో, మెట్లవీధి మలుపు దగ్గర,
ఎలియొదోరో గారి క్యాసెట్ల కొట్టులో
అరలు సర్దడం నా పని.
హాస్యానికి పసుపు చీటీ, భయానికి నల్లది,
ప్రేమకి ఎరుపు.
ఎండకి వెలిసి అదీ ఇప్పుడు నారింజే.
ఎటూ తేలని సినిమాలన్నీ "డ్రామా".
అది అర కాదు, అటక.

శుక్రవారం శుక్రవారం బాల్తసార్ వచ్చేవాడు.
ముప్ఫై ఏళ్ళు ఓడల్లో వంటవాడు.
ఒకటి అద్దెకి తీసుకుని
పోతూ పోతూ రెండు మార్చి పెట్టేవాడు:
యుద్ధం సినిమాని హాస్యంలోకి,
పెళ్ళి సినిమాని భయంలోకి.
"ఒకటి దూరాన్నించి చూశా, ఒకటి చేసుకున్నా.
నాకు తెలీదూ?"
శనివారం పొద్దున్నే విసుక్కుంటూ
ఎక్కడివక్కడ పెట్టుకునేవాణ్ణి.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు.
ఓ రేవు, ఓ కుక్క, గంటన్నర ఎదురుచూపు.
చివర్లో ఓడ వస్తుంది, ఎవరూ దిగరు.
దాన్ని పిల్లల సినిమాల్లో పెట్టాడు.
"కుక్క తోక ఊపుతుందిగా, చూళ్ళేదా?"

చూళ్ళేదు.
ఆ రాత్రి కొట్టు మూసి చూశాను.
పేర్లు పడుతుంటే, తెర మూల,
ఖాళీ నిచ్చెనకేసి చూస్తూ
ఊపుతూనే ఉంది.

మార్చి నుంచి ఆయన రాలేదు.
పసుపు చీటీ క్యాసెట్ ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది.
జరిమానా పుస్తకంలో ఆ గీత ఖాళీగా వదిలేశాను.

మొన్న పక్కవీధి పిల్ల, ఇట్సియార్,
కుక్క బొమ్మ చూసి ఆ సినిమా పట్టుకెళ్ళింది.
ఇవాళ తెచ్చిచ్చింది.
ఎలా ఉందన్నాను.
"పొడుగ్గా ఉంది" అని,
మళ్ళీ అదే అడిగింది.