గడ్డి లేని ఏడు

"ఈసారి రై గడ్డి దొరకలేదు, ఇంపీ,"
అని ఫోన్లో అన్నానో లేదో
అక్క నాకే గడ్డి పెట్టింది.
"హిమ్మెలి వేలాడని క్రిస్మస్ బల్లా?
అమ్మ ఉంటే ఆ మాట అనగలిగేవాడివా?"

అనగలిగేవాణ్ణి కాను.
హిమ్మెలి ఎంత పెద్దదైతే
వచ్చే ఏడు రై అంత ఎత్తు, అనేది అమ్మ.
ఆమె కోసిన చేలో ఇప్పుడు స్ప్రూస్ చెట్లు,
మా ఇంటికి రెండింతలు.
నాన్నే నాటాడు, మిల్లు కొంటుందని.
కొంది కూడా.
మొదటి కోత డబ్బుతోనే నా పళ్ళు కట్టించుకున్నాను.

ముప్పైయొక్కేళ్ళు
మూడో నంబరు మెషిన్ మీద
తెల్లటి ఏటిని రీళ్ళకు చుట్టాను.
అది తెగితే ఊరే తెగినట్టు పరుగెత్తేవాళ్ళం.
చివరి రోజు తెగలేదు.
ఎవరో బటన్ నొక్కారు, అంతే.

మా చివరి వారం కాగితం మీద అచ్చైన
దినపత్రికల కట్ట ఒకటి అటకెక్కించాను.
ఎందుకో తెలీదు.
ఇవాళ దింపాను.

అరచేతి వెడల్పు ముక్కలు.
అల్లిక సూది పక్కింటి సివియాది,
సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేయాలట,
మేజోడు మడమ దగ్గర ఆగిపోయిందట.
సూది చుట్టూ కాగితం తిప్పి, అంచుకి జిగురు రాసి
సూది లాగేస్తే గొట్టం.
జిగురంటే రై పిండి ఉడికించిందే.
ఆ మాత్రం రై ఇంట్లో ఉంది.

మొదటివి చుట్టల్లా లావుగా వచ్చాయి.
ముప్పై టన్నుల రీళ్ళు చుట్టినవాడికి
నాలుగంగుళాల ముక్క లొంగలేదు.
అరవయ్యో గొట్టానికి
వేళ్ళకు బుద్ధొచ్చింది.

చదవకూడదనుకున్నాను. చదివాను.
ఒకదాని మీద సగం వాతావరణం: రాత్రికి తూర్పున మంచు.
ఒకదాని మీద, అమ్మకానికి
వాడిన పడవ మోటారు, ధర మాట్లాడుకోవచ్చు.
ఒకదాని మీద మా మిల్లు పేరు,
పక్కనే ఆ మాట.
దాన్ని విప్పి,
ఆ మాట లోపలి మడతలోకి పోయేలా
మళ్ళీ చుట్టాను.

దారం ఒకటే.
మూడు గొట్టాలకి ఒక త్రికోణం,
ఇంకో రెండు, ఇంకో రెండు.
పదకొండు దాకా అది బల్ల మీద
చచ్చిన సాలీడులా చదునుగా పడి ఉంది.
పన్నెండోది బిగించగానే
లేచి కూర్చుంది.

అలాంటివి పందొమ్మిది కట్టాను.
పంటే లేనివాడు
ఎంత పెద్దది కట్టాలో
అమ్మ చెప్పలేదు.

బస్సు దిగి వచ్చిన ఇంపి
కోటు విప్పకుండానే తలెత్తి చూసింది.
"ఇది మోసం," అంది. "గడ్డి కాదు."

చేను చెట్టయింది, చెట్టు గుజ్జయింది,
గుజ్జు కాగితమై, ఇదిగో, మళ్ళీ గడ్డయింది,
అని చెప్పబోయి ఊరుకున్నాను.
పాలన్నం చల్లారిపోతోంది.

తను చెంచా ఎత్తినప్పుడల్లా
ఆ గాలికే అది కొద్దిగా తిరుగుతోంది.
ఒకసారి తూర్పున మంచు,
ఒకసారి పడవ మోటారు.

చాలాసేపటికి,
కళ్ళు పైనే పెట్టి అడిగింది:
"ఆ మోటారు
అమ్ముడుపోయి ఉంటుందంటావా?"