వాపసు తేదీ

డులూత్‌లో, చర్చి నేలమాళిగలో
అరువు సామాన్ల గది.
మెట్లు దిగలేని వాళ్ళ సామానంతా
మెట్లు దిగితేనే దొరుకుతుంది.
వెర్నా హాలొనెన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వే మాట.

ఎర్ర వాకర్ తీసింది.
పిడి మీద సగం గీకేసిన స్టిక్కర్: వెండె...
ఆ పిల్లాడికి పొట్టిదైపోయిందట.

లియోటాకి ఆరేళ్ళు.
మా ఇంటికొచ్చి పదకొండు వారాలు.
దాని సంచిలో ఇంకా మూడిళ్ళ సబ్బు వాసన.

చక్రం బిగిస్తుంటే అడిగింది:
"ఇది మళ్ళీ ఇచ్చెయ్యాలా?"
"నువ్వు పొడుగయ్యాక," అంది వెర్నా.
"మరి నన్ను?"

ఫారంలో వాపసు తేదీ గడి.
కారులో పెట్టిన నా పెన్ను, జనవరి కదా,
రాయనంది.
వెర్నా తనది ఇవ్వబోయి
మళ్ళీ జేబులో పెట్టుకుంది.

కారు దాకా ఇరవై గజాల మంచు.
పావుగంట పట్టింది.
ఎవరికి తొందర?