మూడుసార్లు కడిగిన చేతులు

మూడుసార్లు సబ్బుతో కడిగాను,
నిమ్మచెక్కతో ఇంకోసారి.
అయినా మిర్చి యార్డు పోదు నా గోళ్లలోంచి.
పగలంతా తేజా బస్తాలు తూచినవాణ్ణి,
ఉల్లిపాయే నన్ను చూసి ఏడ్చేట్టుంది.

ఎస్తేరుకి నైట్ డ్యూటీ.
క్యాలెండర్లో బుధవారం గడిలో
‘మెక్సికో పిజ్జా’ అని రాసి బడికి పోయింది కెజియా.
మెక్సికో ఎటువైపో నాకేం తెలుసు,
అరండల్‌పేట తొమ్మిదో లైను దాటాక కాదని తప్ప.

పిండి పులిసేదాకా ఆగే ఆకళ్లా ఇవి?
పొద్దుటి చపాతీలే, మందంగా వచ్చినవి నాలుగు.
ఆరు కూతలకి మెత్తబడ్డ రాజ్మా
గరిటె వెనకతో మెదిపాను,
వెల్లుల్లి, వేయించిన జీలకర్ర పొడి,
మొక్కజొన్న గింజలు, టమాటా.
చీజు, హనోకు తురుముతూ తినగా మిగిలింది.

హలపీన్యోలు కావాలట, సీసావి.
గుంటూర్లో ఉండి సీసాలో మిరపకాయ కొంటామా!
చల్లమిరపకాయలు నాలుగు వేయించి
పైన చిదిమాను.

అట్లపెనం, మూత, సన్నసెగ.
చీజు కరిగితే చప్పుడేం రాదు గానీ
ఇద్దరూ స్టవ్వు పక్కన నిలబడి విన్నారు.

మొదటి ముక్కకే హనోకు కళ్లనిండా నీళ్లు.
తుడవబోయి ఆగాను,
ఈ చేతులతో కాదు.
కెజియా గౌను అంచుతో తుడిచింది తమ్ముణ్ణి.
తర్వాత నా మొహం కూడా, ఎందుకో.

మిగిలిన ముక్క స్టీలు డబ్బాలో.
ముగ్గురం స్కూటరెక్కాం.
పెద్దాసుపత్రి గేటు దగ్గర
ఎస్తేరు మూత తీసి వాసన చూసి
“ఇది పిజ్జానా,
నీ చొక్కానా?” అంది,
నిలబడే తినేస్తూ.