రసమట్టం

ముందు వెన్న చెప్పింది.
కత్తి తగలకముందే ఒరిగిపోయి
నాకేం తెలీదన్నట్టు పళ్లెంలో పరుచుకుంది.
తర్వాత పాలు చెప్పాయి, ముక్కుకి.
డెస్మండ్ ఒప్పుకోలేదు.
"ఎండలు, నోలీన్. బయట నలభై ఒకటి.
ఫ్రిజ్‌కి మాత్రం ఉక్కపొయ్యదా?"

స్ట్రీకీ బే దాటాక ఉప్పునేలల అంచున
మా ఇంటిబండి ఆగి ఇరవై రెండు రోజులు.
గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ ముంచి
రాత్రంతా లోపల ఉంచాను.
ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో జ్వరాలు చూసిన చెయ్యి ఇది.
తెల్లారి, పదకొండు.
నాలుగుండాలి.

తలుపు సందులో అయిదు డాలర్ల నోటు పెట్టి మూసి లాగాం.
పిసినారి పిడికిలిలా పట్టుకుంది, వదల్లేదు.
అయితే తప్పు రబ్బరుది కాదు.

బండి వెనక జాలీ విప్పాడు.
నీలంగా ఉండాల్సిన మంట
పచ్చగా, మసి కక్కుతూ, అటూ ఇటూ.
గ్యాసు గొట్టంలో కందిరీగ కట్టిన మట్టిగూడు,
చిటికెనవేలి గోరంత.
విప్పి చూస్తే లోపల సాలీళ్లు, వరసగా.
చచ్చినవి కావు. మత్తిచ్చి పడుకోబెట్టినవి.
పుట్టబోయే పిల్ల తినేదాకా తాజాగా ఉండాలని.
మాకంటే ముందే ఎవరో ఇక్కడ సద్ది దాచుకున్నారు,
వాళ్లది పాడవలేదు.

దులిపాం. మంట నీలమైంది.
పదకొండు తొమ్మిదయింది.
తొమ్మిది దగ్గర మొండికేసింది.

అప్పుడొచ్చాడు జెల్కో, పక్క బండాయన.
పోర్ట్ లింకన్‌లో ట్యూనా పడవల మంచుగదులు చూసుకుంటూ
జుట్టు నెరిసినవాడు.
పనిముట్ల పెట్టె తేలేదు.
చొక్కా జేబులోంచి వేలెడంత రసమట్టం తీసి
ఫ్రీజర్ అడుగున పెట్టాడు.
గాలిబుడగ గబగబా ఓ మూలకి పోయి నక్కింది.

"ఇందులో తిరిగే మోటారు లేదు, తోసేవాడు లేడు.
కింద మంట. అమ్మోనియా మరిగి పైకెక్కుతుంది,
చల్లారి తన బరువుతో తనే దిగిరావాలి.
నేల పక్కకి ఒరిగిందా,
దారిలో ఎక్కడో చతికిలబడుతుంది."

ఒరిగిందా?
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
గుడ్డు దొర్లుతుంటే గిన్నె అడ్డం పెట్టేదాన్ని నేను.
స్నానం నీళ్లు మూలకే చేరుతుంటే తుడిచేవాడు అతను.
రాత్రుళ్లు నిద్రలో నేను మీదికి జరుగుతుంటే
ఈ వయసులో ఏమిటీ ప్రేమ అని మురిసిపోయాడట.
మాకు వాలు అలవాటైపోయింది.
దానికి కాలేదు.

అసలు ఆ వాలు నేను కోరిందే.
గిన్నెలు కడుగుతుంటే ఇసుకదిబ్బ మీదుగా
సముద్రం గీతంతైనా కనబడాలని
కుడి చక్రాల కింద చెక్కలు పెట్టించాను.

చెక్కలు తీశాం.
ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా నడుస్తాడు,
అందుకని బండి తిప్పి, ఫ్రిజ్ వీపుని
దక్షిణపు నీడలో పెట్టాం.
ఇప్పుడు నా కిటికీలో జెల్కో బనీన్లు,
వాటి వెనక మరుగుదొడ్ల గోడ.

"తొందరపడకండి. రేపటిదాకా తలుపు తియ్యొద్దు.
మంట మీద చలి కాయడానికి టైం పడుతుంది."

తీస్తే చలి పోతుంది.
తియ్యకపోతే తెలీదు.
ఆ రాత్రి మట్టంగా ఉన్న మంచం మీద
ఎవరి చోట వాళ్లం, మధ్యలో జానెడు ఖాళీ.
"నిద్రొచ్చిందా?" అన్నాడు.
లేదన్నాను.
జరగడానికి ఈసారి నేనే జరగాల్సొచ్చింది.

తెల్లారి గ్లాసులో నాలుగున్నర.
వెన్న కత్తికి ఎదురు తిరిగింది.
చాలు, వదిలెయ్ అన్నాను.
ఆ అర డిగ్రీ కోసం డెస్మండ్
ఇంకా జాలీ ముందు గొంతుక్కూర్చునే ఉన్నాడు.