ఐదేళ్ల గడి

మార్చి ఆఖరు. బాల్టిక్ సముద్రం ఇంకా తెల్లగానే ఉంది.
అవతలి ఒడ్డు నుంచి రావలసిన పరీక్షల బస్సు
మంచు విరగక రాలేదు.
రిజిస్టరు ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను.

చిన్న ఉద్యోగం నాది.
దీవిలో ఏ ఆడమనిషి రొమ్ములో గడ్డ తేలింది,
ఏ తేదీన, ఏ దశలో,
ఇవాళ్టికి మనిషి ఉందా లేదా.
పేర్లుండవు, అంకెలే.
కానీ ఇది దీవి.
పుట్టిన తేదీ చూస్తే చాలు,
ఆ రోజు వాళ్లింట్లో ఏ కేకు తిన్నానో గుర్తొస్తుంది.

ముప్పయ్యేళ్ల లెక్కకు గీత గీస్తే
కొత్త కేసులు పైకే పోతాయి.
తాలిన్ నుంచి వచ్చిన కుర్ర విలేఖరి
"నీళ్లలో ఏమైనా విషముందా?" అన్నాడు.
బస్సు మొదటిసారి పడవ దిగిన ఏడాది మీద వేలు పెట్టాను.
దీపం తెచ్చాక గదిలో సామాను పెరిగిందంటే ఎలా నాయనా?
"అంతా బస్సేనా?"
అంతా కాదు. మిగతాది నాకు తెలీదు.
తెలీదన్న మాట అతను రాసుకోలేదు.

హెల్యు తల్లికి ఈ పుస్తకంలో వరుస లేదు.
అరవై ఒకటిలో, ఉన్ని శాలువా కింద
రసి కారేదాకా దాచుకుంది.
చేపల సమిష్టిలో పక్కన నిలబడ్డవాళ్లకు
వాసనను బట్టి తెలిసిందట.
హెల్యు మాత్రం పొగ కంపు కొట్టే ఏప్రను విప్పి
బస్సులో చల్లటి పలక మీద ఆనుకుని
"జనవరి సముద్రమే నయం" అని తిట్టింది.
చిక్కుడు గింజంత. అంతే దొరికింది.

రెండో గీత బతికినవాళ్లది.
అదీ పైకే. దీన్ని చూసి అందరూ చప్పట్లు కొడతారు.
ముందుగా కనిపెడితే గడియారం ముందుగా మొదలవుతుంది,
ఈ ఎక్కుడులో కొంత గడియారానిదే.
కొంత మాత్రం అచ్చంగా ప్రాణం.
ఏది ఎంతో
ఇంత చిన్న దీవిలో విడదీయలేం.
ఒక్క ఉర్వె పోతే గీత మెట్టు తప్పింది.
ఐదేళ్లకు పందొమ్మిది రోజుల ముందు పోయింది ఉర్వె.
ఆ గడిలో సున్నా వేసి
కాఫీ చల్లారేదాకా దాన్నే చూశాను.

మైరె వరుస మూడేళ్ల నాలుగు నెలల దగ్గర తెగిపోయింది.
పనికోసం తుర్కు వెళ్లింది కదా,
'చివరిసారి సజీవంగా చూసిన తేదీ' అక్కడే ఆగింది.
ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపుతుంది,
టోపీ పెట్టుకుని మంచుకంతలో ఈదుతున్న బొమ్మతో.
కార్డు సాక్ష్యం కాదు.
సొరుగులో ఆరున్నాయి.

ఏప్రిల్లో బస్సొచ్చింది.
వరుసలో హెల్యు, చంకలో పొట్లం.
"ఏమే లీవీ, నన్నింకా లెక్కపెడుతున్నావా?"
లేదు హెల్యు, ఐదేళ్ల గడి దాటేశావు.
ఆరో ఏడాదికి నా దగ్గర గడి లేదు.
"అయితే ఇక ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదన్నమాట" అని
పొట్లం నా చేతిలో పెట్టింది.

పొగబెట్టిన చేప.
చుట్టింది ఆ విలేఖరి పేపరు:
'దీవిలో విషం?' అన్న అక్షరాల మీదుగా
నూనె నా గీతలోకి ఇంకుతోంది.
ఉప్పు ఎక్కువైంది.
నిలబడే సగం తినేశాను.