నీటి మూట

ఫ్లోరిడాలో సముద్రం కనపడని కౌంటీ మాది.
కమిషన్ సమావేశాల్లో రాసే పని నాది.
పందొమ్మిదేళ్లుగా రాస్తున్నాను,
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి.
ఏ చెయ్యి వణికిందో రాయకూడదు.

మంగళవారం, సాయంత్రం ఆరు. అంశం తొమ్మిది-బి.
క్రూ కుటుంబం వారి ఆరువందల పన్నెండు ఎకరాలు,
సగం సైప్రస్ చెట్ల బురద, సగం ఇసుక మెరక,
నలభై ఒక్క లక్షల డాలర్లకు
కొనాలా, వద్దా?
కొని ఏం చేయాలంటే, ఏమీ చేయకూడదు.
అక్కడే వచ్చింది పేచీ.

"ఏమీ చేయకపోవడానికి నలభై ఒక్క లక్షలా?"
డెల్‌రాయ్ స్ట్రిక్‌లండ్ కుర్చీ వెనక్కి వాల్చాడు.
"మా బావమరిది ఆ పని ఉచితంగా చేస్తున్నాడు."
హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.
మినిట్స్‌లో నవ్వుకి చోటు లేదు.

ఆ తర్వాత అతనే, నవ్వు దిగిపోయిన గొంతుతో,
మిల్ క్రీక్ వైపు అంబులెన్స్ ఒక్కటే ఉందని,
మొన్న జనవరిలో అది రావడానికి నలభై నిమిషాలు పట్టిందని,
అప్పటికి పాస్టరు గారి భార్య...
అక్కడ ఆగి నీళ్లు తాగాడు.
అబద్ధం కాదు. ఆ అంత్యక్రియలకు నేనూ వెళ్లాను.

ఒడాలిస్ కింటెరో బల్ల మీద పటం పరిచింది.
తాబేలు తవ్విన ఒక్క బొరియలో
పాము, కప్ప, ఎలుక, మిడత
అద్దె కట్టకుండా కాపురాలుంటాయంది.
"ఓటు లేని జనం" అని ఎవరో గొణిగారు.
మైకు పట్టలేదు కాబట్టి నేనూ పట్టలేదు.

అమ్మేవాళ్ల లాయరు లేచి చల్లగా చెప్పాడు,
ఇంకొకరు ఇంతకన్నా ఎక్కువిస్తామంటున్నారని,
రెండువందల నలభై ఇళ్లకు ప్లాను సిద్ధమని,
వీధులకు పేర్లు కూడా పెట్టేశారని.
సైప్రస్ లేన్. కొంగల కోర్టు. తాబేలు బాట.
మామూలుగా ముందు పోతారు,
తర్వాత వీధికి పేరవుతారు.
ఇక్కడ వరస తిరగబడింది.

ప్రజల వంతు. మనిషికి మూడు నిమిషాలు.
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.
యాభై ఏళ్లు బోర్లు వేసిన ఎంబ్రీ వైట్‌సైడ్
మొదటి నిమిషం అందరికీ దండాలు పెట్టడానికే ఖర్చు చేశాడు.
రెండో నిమిషం వాళ్ల నాన్న రిగ్గు గురించి.
పసుపు వెలిగాక గానీ అసలు మాట రాలేదు.
"పైన చూస్తే బురదే. కింద ఇసుక,
ఇసుక కింద చిల్లులు పడ్డ సున్నపురాయి.
పొద్దున మీరు పళ్లు తోముకున్న నీళ్లు ఎక్కడివనుకున్నారు?
వాన పడ్డప్పుడు ఆ నేల ఏం చేస్తుందంటే"

ఎరుపు.
మాట మీద నిలబడే మనిషి. మాట మధ్యలోనే ఆగాడు.
"క్షమించండి" అని టోపీ తీసుకుని కూర్చున్నాడు.
ఏం చేస్తుంది అని
ఒక్కరూ అడగలేదు.

ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.
ఐదో ఆయన పినతండ్రి కొడుకుది రియల్ ఎస్టేట్ వ్యాపారం,
అందుకని ఆయన తలుపు బయట నిలబడి
ఫోన్‌లో చేపల వేట ఫొటోలు చూసుకున్నాడు.
సరిసమానం. జూన్‌కి వాయిదా.

రాత్రి ఇంట్లో టైపు చేస్తూ అక్కడికొచ్చి ఆగిపోయాను.
నోటి మాట నీటి మూట అంటారు.
ఈ ముసలాయన మూట
ముడి విప్పకుండానే నా బల్ల మీద వదిలి వెళ్లాడు.
తాగుతుంది, అని కొట్టాను. చెరిపాను.
దాచిపెడుతుంది. చెరిపాను.
మనకి అప్పిస్తుంది, అని రాసి
చాలాసేపు చూసి, అదీ చెరిపాను.
ఇతరుల వాక్యాలు పూర్తి చేసే అధికారం నాకు లేదు.
ఒక గీత గీసి, పక్కన రాశాను: సమయం ముగిసింది.

రెండు వారాల తర్వాత అదే హాలు.
మూడో వరసలో ఎంబ్రీ వైట్‌సైడ్, మోకాలి మీద టోపీ.
మాట్లాడేవాళ్ల జాబితాలో ఈసారి పేరివ్వలేదు.
గత సమావేశపు మినిట్స్‌లో సవరణలేమైనా ఉన్నాయా?
లేవు.
ఐదు చేతులూ లేచాయి.
ఆ ఏడాది మా కౌంటీలో అందరూ ఒప్పుకున్నది
ఆ సగం వాక్యం ఒక్కటే.